అర్జున శ్రవణము, పరీక్షిత్ శ్రవణము: ఘంటసాల భగవద్గీతయు, దాని శ్రోతలును

కావ్యవిమర్శ కవిని గూర్చియు, కావ్యమును గూర్చియు చేసినంత విచారణ శ్రోతను గూర్చి చేసినట్లు కానరాదు. భరతుడు నాట్యశాస్త్రమున ప్రేక్షకుని లక్షణములు చెప్పినాడు. ఆలంకారికులు సహృదయుడను సంజ్ఞతో ఉత్తమశ్రోతను నిర్వచించినారు. ఐనను వీరు చెప్పిన శ్రోత గాయకుని యెదుటనో, నటుని యెదుటనో కూర్చున్నవాడు. గానము యంత్రమున కెక్కి, గాయకుడు లేని చోట, గాయకుడు లేని కాలమున వినబడుట మొదలైన తరువాత శ్రోత యెట్లు మారినాడు, శ్రోత మారుటవలన కృతి యెట్లు మారినది అను ప్రశ్నకు మన విమర్శలో దక్కవలసిన స్థానము దక్కలేదు. ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన భగవద్గీత రికార్డు కంటె మంచి ఉదాహరణము తెలుగునాట మాకు కానరాదు.

విజయవాడ వన్ టౌనున, ఇంద్రకీలాద్రి పాదమున, బ్రాహ్మణవీధి, కొత్తపేట, వించిపేట ప్రాంతములలో ఒక ఉదయమున ఈ రికార్డు మైకులో వినబడినచో, వీధివారు మొదట అడుగు మాట "ఎవరు పోయారు?" అనునదే. వచ్చుచున్న శ్లోక మెయ్యదియో, పాడిన రాగ మెయ్యదియో ఎవరును గమనింపరు. పాలకు బయలుదేరిన గృహిణి గుమ్మమున నిలిచి ప్రక్కయింటివారిని విచారించును. కొట్టు తాళము తీయుచున్న వ్యాపారి ధ్వని వచ్చు దిక్కునుబట్టి ఏ యింటి పెద్దకు జబ్బుగా నున్నదో జ్ఞప్తికి దెచ్చుకొనును. మే మెరిగిన యొక యింట ఏకాదశినాడు భక్తితో ఈ రికార్డు పెట్టగా, ఇరుగుపొరుగువారు పరామర్శకు వచ్చి, ఇంటిపెద్ద అరుగుమీద పత్రిక చదువుకొనుచుండుట చూచి తెల్లబోయి మరలిరి. నాటినుండి ఆ యింట తలుపులు మూసికొని గాని గీత వినుట లేదు.

ఈ వ్యాసమున మేము చేయబూనినది గణాంకములతో కూడిన పరిశీలన కాదు. కొన్ని యేండ్లుగా ఈ పట్టణమున మేము కన్నవియు, విన్నవియు ఆధారముగా గైకొని, ఒక కృతికిని దాని శ్రోతలకును నడుమ నేర్పడిన యీ సంబంధమునకు కారణ మేమో, అది కృతికి హానియో కాదో విచారించుటయే మా యుద్దేశము.

ఘంటసాలగారు ఈ కృష్ణాతీరపు మాగాణిలోనివారే. 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమునందలి చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడెడివారు. బాలుడైన ఘంటసాల ఆ భజనగోష్ఠులలో తండ్రివెంట తిరిగి, ఆ పాటకు నర్తించెడివాడని చెప్పుదురు. పిమ్మట విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై శాస్త్రీయసంగీత మభ్యసించిరి. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున చెరసాల కేగిరి. తరువాత మద్రాసు చేరి చలనచిత్రములలో గాయకులుగను, సంగీతదర్శకులుగను మూడు దశాబ్దములు వెలసిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మరణించిరి. భగవద్గీత గానము వారి జీవితపు తుదిదశలో, అనారోగ్యముతో బాధపడుచున్న కాలమున జరిగినది. హెచ్.ఎం.వి. వారి రికార్డులుగా అది జనమునకు అందునప్పటికి గాయకుడు లేడు.

ఇక కృతి నిర్మాణమును చూతము. గీతయందలి 700 శ్లోకములలో సుమారు నూరింటిని ఎన్నుకొని, ఒక శ్లోకమునో రెండు శ్లోకములనో పాడి, వెంటనే వాని తాత్పర్యమును తెలుగు వచనమున తామే పలికిరి. పాట వెంట మాట, మాట వెంట పాట, ఇదియే దీని నడక. రాగములు మారుచుండును. వాద్యములు శ్లోకమునకు ముందు కొంత భూమిక నేర్పరచి తప్పుకొనును. మన రంగస్థల పద్యగానమున దీర్ఘమైన రాగాలాపము పద్యమును మ్రింగివేయుట కలదు. ఆ యాలాపమును కుదించి, పదవిభజనకును, అర్థమునకును ప్రాధాన్య మిచ్చుట ఘంటసాలగారు చలనచిత్రములలో స్థిరపరచిన పద్ధతి. గీతయం దా పద్ధతి పరిపాకమునకు వచ్చినది. శ్లోకమును పాడు కంఠము గంభీరమైనది. తాత్పర్యమును పలుకు కంఠము అట్టిది కాదు. అది మెల్లగా, ఎదుట కూర్చున్న యొక్కనికే చెప్పుచున్నట్లుండును. పెద్దవాడొకడు సందెవేళ అరుగుమీద మనుమనికి బోధించు స్వరమది.

ఈ నిర్మాణము రికార్డు సాంకేతికముతో ముడిపడినది. 78 భ్రమణముల పాతరికార్డు ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి పలుకదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాప పద్యములను ఘంటసాలగారు అట్టి చిన్న రికార్డులమీదనే పాడిరి. 33⅓ భ్రమణముల దీర్ఘరికార్డు ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పలుకును. శ్లోకమును, తాత్పర్యమును, వాని నడుమ నిశ్శబ్దమును ఇమిడ్చుట కట్టి విస్తీర్ణము కావలెను. ఒకచోట కదలక కూర్చుండి, ఇరువది నిమిషములు మనస్సును లోనికి త్రిప్పి వినగల శ్రోతను ఈ కృతి తనంతట తాను కోరుచున్నది. కావున దీనిని ఆంతరంగిక శ్రవణమునకై చేసిన రచన యనుట సమంజసము.

ఇట్టి రచన వీధిలో మరణవార్తను చాటు సంకేతముగ నెట్లు మారినది? దీనికి సాధారణముగ మూడు సమాధానములు చెప్పుదురు.

మొదటిది, కారణము కంఠమే యనునది. ఘంటసాలగారి గళమున సహజముగ విషాద మున్నదనియు, అది గీతకు శోకచ్ఛాయ నిచ్చినదనియు కొందరి మతము. ఇది నిలువదు. ఆ కంఠమే 1957 నాటి మాయాబజారులో వెన్నెలవంటి ప్రణయగీతములను పాడినది. ఆ పాటలు నేటికిని పెండ్లిపందిళ్ళలో మ్రోగుచునే యున్నవి. ఒకే కంఠము పెండ్లికిని, చావునకును సంకేతము కాజాలదు.

రెండవది, కారణము వస్తువే యనునది. సాంఖ్యయోగమున పుట్టినవానికి మరణము నిశ్చయమనియు, జీర్ణవస్త్రమును విడిచినట్లు ఆత్మ దేహమును విడుచుననియు చెప్పబడినది కదా యందురు. నిజమే. కాని రికార్డునందలి శ్లోకములలో అట్టివి కొన్ని మాత్రమే. తక్కినవి కర్మాచరణమును గూర్చినవి, స్థితప్రజ్ఞుని గూర్చినవి, భక్తిని గూర్చినవి, విశ్వరూపమును గూర్చినవి. ఆకునైనను, పువ్వునైనను భక్తితో నిచ్చిన గ్రహింతునని భగవంతుడు పలికిన శ్లోక మిం దున్నది. ప్రాణుల దేహమున జఠరాగ్నియై అన్నమును పచనము చేయుచున్నానని పలికిన శ్లోకము నున్నది. పొయ్యి వెలిగింపని యింటిముందు ఆ శ్లోకము మ్రోగుచుండుట మేము స్వయముగ వింటిమి. వస్తువే కారణమైనచో, ఆ క్షణమున నొక్కరికైనను అసందర్భమని తోపవలసియుండెను. తోపలేదు. ఏలన వస్తువు నెవరును వినుట లేదు.

మూడవది, గాయకుడు గతించిన పిమ్మట వెలువడుటచే ఇది మృతుని వాక్కుగా జనులు గ్రహించిరనునది. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని గతించిన గాయకుల రికార్డులు మన మెన్నియో వినుచున్నాము. వానిలో నేదియు ఇట్టి సంకేతము కాలేదు.

ఈ మూడు మతములును చాలవనుటకు ఈ పట్టణమునందే యొక ప్రత్యుదాహరణము కలదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము నెలకొన్నది. ఆ కేంద్రమువారి భక్తిరంజని కార్యక్రమమున మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు తత్త్వములు పాడిరి. దేహము నిలువదనుట, నాది యనదగిన దేదియు లేదనుట తత్త్వములయందు పదేపదే వచ్చు భావములు. వైరాగ్యము గీతయందుకంటె వానియందే సూటిగ నున్నది. ఐనను వానిని విని "ఎవరు పోయారు?" అని యడిగినవారు లేరు. వానిని విన్నవారు స్నానము చేసి, పిల్లలను బడికి పంపి, కొట్లు తెరచుకొనిరి. కారణము స్పష్టము. రేడియో వానికి ప్రాతఃకాలమును, గృహాంతర్భాగమును, ప్రతిదిన పరిచయమును ఇచ్చినది. వినికిడి యింటిలో జరిగినది. అర్థ మింటిలోనే నిలిచినది.

కావున మా సిద్ధాంతమిది. గీత రికార్డునకు పట్టిన గతికి కారణము కంఠము కాదు, వస్తువు కాదు. దానిని మోసిన సాధనమును, దానికి దొరికిన సందర్భమును. ఆ సాధనము గొట్టపు మైకు.

గొట్టపు మైకు ధ్వనిని దూరమునకు విసరుటకు చేసిన పరికరము. అది మంద్రధ్వనులను సరిగ పలుకదు. మధ్యధ్వనులను మాత్రము మిక్కుటముగ పలుకును. వన్ టౌను వీధులు ఇరుకైనవి. ఇండ్ల గోడలనుండియు, కొండరాతినుండియు ప్రతిధ్వని పుట్టును. మానవభాషణమున హల్లులు క్షణికములు, బలహీనములు. ఒక హల్లు వినబడులోపల వెనుకటి అచ్చు యొక్క ప్రతిధ్వని దానిని కప్పివేయును. ఇట్టి చోట దీర్ఘముగ సాగదీసిన అచ్చులు మాత్రము బ్రతికి బట్టకట్టును. అనగా శ్లోకపు రాగము వీధిచివరవరకు పోవును. మెల్లగా పలికిన తాత్పర్యము రెండిండ్లు దాటదు. పాట, మాట యను జంటలో మాట రాలిపోయి పాట మిగులును. తెలుగు రాలిపోయి సంస్కృతము మిగులును. బోధ రాలిపోయి ఘోష మిగులును. అర్థము లేని ఘోషకు సందర్భమే యర్థమగును. ఆ సందర్భము మరణమైనప్పుడు, ఘోష మరణవాచకమగుటలో వింత లేదు.

అభినవగుప్తుడు రసాస్వాదమునకు విఘ్నములను ఏడింటిని చెప్పినాడు. వానిలో మూడు మనకిచట మిక్కిలి యుపయుక్తములు. ప్రతీత్యుపాయవైకల్యము, అనగా గ్రహించు సాధనములు లోపించుట. స్ఫుటత్వాభావము, అనగా స్పష్టత లేకుండుట. నిజసుఖాదివివశీభావము, అనగా తన సొంత సుఖదుఃఖములకు వశుడై యుండుట. మొదటి రెండు వీధిలోని శ్రోతకు విఘ్నములు. మూడవది యింటిలోని శ్రోతకు విఘ్నము. వేయి సంవత్సరముల క్రిందట కాశ్మీరమున నాటకమును గూర్చి చెప్పిన మాట నేడు కృష్ణాతీరమున మైకుకు సరిపోవుట శాస్త్రము యొక్క సామర్థ్యమునకు నిదర్శనము. ధ్వనివాదుల పరిభాషలో చెప్పవలెనన్న, వ్యంగ్యముగ నుండవలసిన శాంతరసము తొలగి, దాని స్థానమున రూఢ్యర్థ మొకటి కుదురుకొన్నది. గంట మ్రోగిన బడి వదలినట్లు, గీత మ్రోగిన నొకరు పోయినట్లు.

ఈ రూఢి ఎంత బలపడినదో తెలియుటకు ఒక మాట చాలును. వన్ టౌనులో షామియానాలు, కుర్చీలు, మైకుసెట్లు అద్దెకిచ్చు నొకరిని మేము ప్రశ్నింపగా, "పెళ్ళికైతే ఏ పాటలు వెయ్యమంటారని అడుగుతామండీ. చావింటికి అడగం. గీతే" అనిరి. ఎన్నిక లేని చోట అభిరుచికి తావు లేదు. అభిరుచి లేని చోట విమర్శకు తావు లేదు. అంతిమయాత్రకు కైలాసరథము వచ్చినను, అందును గీతయే.

ఇట్టి పరిణామము మనకే పరిమితము కాదు. అమెరికా స్వరకర్త శామ్యూల్ బార్బర్ 1936లో వ్రాసిన తంత్రీవాద్య చతుష్కమందలి విలంబిత భాగమును పెద్దమేళమునకు మార్పగా, 1938లో టోస్కనీనీ రేడియోలో వినిపించినాడు. అది శోకమునకై వ్రాసినది కాదు. 1945లో అధ్యక్షుడు రూజ్వెల్టు మరణించినప్పుడు రేడియోలో ప్రసారమగుటతో అది సంతాపసంగీతమైపోయినది. ఇందుకు విపరీతమైన యుదాహరణము ఇంగ్లండు దేశీయుడు బ్రయన్ ఈనో వెలువరించిన "మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్" అను విద్యుత్సంగీతపు రికార్డు. విమానాశ్రయమున వేచియుండువాని మనస్సు నెమ్మదించుటకై, వినినను వినకున్నను నష్టము లేనట్లు, టేపు చుట్టలను మరల మరల త్రిప్పి దానిని కూర్చినాడు. అతడు స్థలమును ముందుగనే యూహించి కృతిని నిర్మించినాడు. ఘంటసాలగారి కృతికి స్థలము తరువాత దొరికినది. దొరికిన స్థలము కృతిని తనకు తగినట్లు మలచుకొన్నది.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి జనుల వాడుకను మేము నిందించుచున్నామని తలపరాదు. శ్రోతలందరు ఒక్క తీరువారు కారు. ఈ రికార్డువలననే సంస్కృతోచ్చారణ నేర్చిన విద్యార్థులను మే మెరుగుదుము. గీతాపఠనపు పోటీలలో శ్లోకమును చదువు బాలుడు తనకు తెలియకయే ఘంటసాలగారు విరిచిన చోటనే విరుచును, నిలిపిన చోటనే నిలుపును. గురువు లేని పల్లెలలో ఈ రికార్డే గురువైనది. మరణభయముచేత దీనిని ఇంట పెట్టనీయనివారు నున్నారు. తండ్రి పోయిన దినము జ్ఞప్తికి వచ్చునని విననివారును ఉన్నారు. ఆ జ్ఞప్తికొరకే వినువారును ఉన్నారు. ఇవన్నియు స్పందనలే. విమర్శకుడు వీనిలో నొకదానిని ఒప్పనియు, తక్కినవానిని తప్పనియు త్రోసిపుచ్చుట తగదు.

ఐనను తారతమ్యము చెప్పక తప్పదు. మన వాఙ్మయమున ఉత్తమశ్రోతలుగ ఇరువురు ప్రసిద్ధులు. ఒకడు గీతను విన్న అర్జునుడు. రెండవవాడు భాగవతమును విన్న పరీక్షిత్తు, అర్జునుని మనుమడు. పరీక్షిత్తు ఏడు దినములలో తనకు మరణము తప్పదని యెరిగి, గంగాతీరమున కూర్చుండి శుకుని నోట వినినాడు. అది మరణమునకు సిద్ధపడు శ్రవణము. అర్జునుడట్లు కాదు. విల్లు జారవిడిచి కూలబడినవాడు విని, సందేహము తీరి, లేచి విల్లెత్తినాడు. అది జీవనమునకు మరలు శ్రవణము. మన జనులు అర్జునునికి చెప్పిన గ్రంథమును పరీక్షిత్తువలె వినుచున్నారు. తాతకు చెప్పినది మనుమని పాలైనది. అవసానసమయమున గీత చదివి వినిపించు నాచారము ప్రాచీనమే కనుక ఇందు సంప్రదాయదోషము లేదు. కాని రికార్డు పెట్టునప్పటికి పోయినవాడు పోనే పోయినాడు. అతడు పరీక్షిత్తు కాజాలడు.

మరి ఆ యింట గీతను వినవలసినవా డెవ్వడు? గడపలో కూలబడిన కొడుకు. గోడకు చేరగిలబడిన భార్య. బంధువు నష్టమునకు విలపించుచు, రేపటి పని యెట్లు చేయుదునని చేతులు వేలవేసినవా రెవరో వారే. గీతారంభమున అర్జునుని స్థితి అచ్చముగ నిదియే గదా! మొదటి యధ్యాయమునకు విషాదయోగమని పేరు. అనగా చావింట గీత పెట్టవలెనని మొదట తోచినవాని సహజజ్ఞానము పొరపడలేదు. పొరపాటు జరిగినది గొట్టమును వీధివైపు త్రిప్పుటలో. వినవలసినవాడు గొట్టము వెనుక నున్నాడు. పనిలేనివారందరు గొట్టము ముందున్నారు.

ఈ మాట మా యూహ కాదు. కొన్ని యేండ్ల క్రిందట భర్తను కోల్పోయిన యొక వృద్ధురాలు మాతో ఇట్లనిరి: "ఆయన పోయిన రోజున మైకులో ఏం వచ్చిందో నాకు తెలియదు నాయనా. పెద్దకర్మ అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, టేపు చిన్నగా పెట్టుకొని విన్నాను. అప్పుడు గాని మాటలు వినపడలేదు." మేము పైన నుదాహరించిన అభినవగుప్తుని విఘ్నములు మూడును ఆమె మాటలలో నున్నవి, వాని నివృత్తియు నున్నది. మైకు ఆగినది, స్ఫుటత్వము కలిగినది. దినములు గడచినవి, వివశత్వము తగ్గినది. వినపడినవి రాగములు కావు, మాటలు. పాట, మాట యను జంటలో మైకు రాల్చివేసిన మాట ఆమెకు తిరిగి దొరకినది. ఆమెకు శాస్త్రము తెలియదు. ఐనను ఘంటసాలగారు కోరిన శ్రోత ఆమెయే యని మా నిశ్చయము.

విజయుడనునది అర్జునుని పేరులలో నొకటి. అతడు పాశుపతమునకై తపస్సు చేసినది ఈ ఇంద్రకీలాద్రిమీదనే యని స్థలపురాణము. అట్టి యూర గీతను అర్జునునివలె వినుట మనకు దూరమైన పని కాదు. అందులకు కొత్తరికార్డు అక్కరలేదు, కొత్తవ్యాఖ్యానము అక్కరలేదు. మరణించినయింట గీత పెట్టువారు గొట్టమును లోనికి త్రిప్పి, ధ్వనిని తగ్గించి, తాత్పర్యము వినబడునట్లు చేసిన చాలును. తక్కినవారు, ఏ చావును లేని నాడు, తలుపులు మూయకుండ, ఒక ప్రక్కయైనను కూర్చుండి వినిన చాలును. ఆ విన్నదానిని శ్లోకము శ్లోకముగ, రాగము రాగముగ పరిశీలించు విమర్శ ఇంకను రావలసియున్నది. ఈ వ్యాసము దానికి ద్వారము తెరచుటకే యుద్దేశింపబడినది. విజ్ఞులు మా లోపములను సవరింతురు గాక.